కుక్క ఆపరేషన్‌కు ముందే ఖర్చు తెలియాలి

సంపాదకులకు,

వాహనం ఢీకొని కాలు విరిగిన పెంపుడు కుక్కకు శస్త్రచికిత్స చేయించే కుటుంబాలు ఆపరేషన్ రుసుమునే లెక్కవేసుకుంటాయి గాని, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, మత్తుమందు, ఎముకకు బిగించే ప్లేటు, తర్వాతి కట్లు అన్నీ కలిసేసరికి అప్పు చేయవలసి వస్తున్నందున, ప్రైవేటు క్లినిక్కులు మొత్తం అంచనాను ముందే రాసి ఇవ్వాలి. 1955లో తిరుపతిలో నెలకొన్న పశువైద్య కళాశాలకు అనుబంధంగా బోధనాసుపత్రి ఉన్న సంగతిని కూడా పట్టణ పశువైద్యులు యజమానులకు చెప్పడం న్యాయం.

కోలుకోవడమే అసలు కష్టం. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో విప్పినా, ఎముక అతకడానికి వారాలు పడుతుంది. అంతవరకు మెట్లెక్కనివ్వకుండా, గాయం నాకకుండా మెడకు గరాటు తొడిగి కాపలా కాయాలి (విశ్రాంతి తీసుకోమంటే కుక్క వినదు కదా). మనుషులు వాడే ఇబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు దానికి ప్రాణాంతకం కావచ్చు గనుక, ఇంటికి పంపేటప్పుడు ఈ జాగ్రత్తలను తెలుగులో ముద్రించి ఇచ్చేలా పశుసంవర్ధక శాఖ ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తిరుపతి