శీనూ, నా సీటు నీకు పనికిరాదు!

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను, ఏమనుకోకు. బ్రాడీపేట నుంచి మంగళగిరి దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, హోటల్లో కూర్చోలేక నిలబడి ఇడ్లీ తిన్నావా! పైగా "నీ సైకిలుకున్న సీటేదో రాయి, అదే కొనుక్కుంటా" అంటావు. రాయను. నా చెప్పులు నీ కాలికి పడతాయట్రా?

పోయినేడు నేనూ ఇలాగే ఏడ్చాను. షాపతను "సోఫాలా ఉంటుంది సార్" అంటూ సీటు మీదకి ఓ మెత్తటి జెల్ కవర్ అంటగట్టాడు. వేలితో నొక్కితే లోపలికి దిగింది, మురిసిపోయాను. ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీద ఉండవల్లి మీదుగా పోతుంటే మహారాజులా ఉంది. గంట తిరిగేసరికి అసలైన చోట తిమ్మిరెక్కి, అక్కడ ఏదైనా ఉందో లేదో తెలియలేదు. (ఈ ముక్క మీ ఇంట్లో పైకి చదవకు.)

తర్వాత తెలిసింది. మన బరువు మోయాల్సింది పిర్రల అడుగునుండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే అవి కూరుకుపోతాయి, మధ్యలో మెత్త పైకి ఉబ్బి నరాలూ రక్తనాళాలూ ఉన్నచోట నొక్కుతుంది. కాస్త గట్టి సీటైతే మొదటి వారం ఎముకలు నొప్పెడతాయి, అంతే.

కాబట్టి ముందు కిరాణా కొట్లో లోపల ముడతల పొర ఉన్న అట్టపెట్టె ఒకటి అడుగు. ముక్క కోసి పొట్టి పీట మీద వేసి, కాస్త ముందుకు వంగి ఓ నిమిషం గట్టిగా కూర్చో. లేచాక రెండు గుంటలు కనిపిస్తాయి, వాటి నడిమధ్యల దూరం కొలువు. నాకు 11 సెంటీమీటర్లొచ్చింది. నేను బాగా వంగి తొక్కుతాను గనక ఓ రెండు కలిపి 13 వెడల్పు సీటు తీసుకున్నాను. వంగితే తుంటి ఎముక ముందుకు తిరిగి, ఆ ఎముకల్లో దగ్గరదగ్గరగా ఉండే భాగం సీటుకి ఆనుతుంది. అందుకే రేసు సైకిళ్లకు సన్న సీట్లు, మధ్యలో గాడి.

మా నాన్న పాత సైకిలు గుర్తుందా, మనిద్దరం బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లం? దాని మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు, బరువంతా వెనక్కే. అందుకే అంత వెడల్పు సీటు, కింద స్ప్రింగులు. అది నా సైకిలుకి బిగిస్తే తొడలు ఒరుసుకుని ఊడిపోతాయి. నీది తిన్నటి హ్యాండిల్, అటూ ఇటూ కాకుండా సగం వంగుతావు. కొలతకి రెండున్నర, మూడు కలుపుకో.

తోలు సీటు మీద మనసు పడ్డావని నాకు తెలుసు. ఈ బాధ కొత్తదేం కాదులే, ఇంగ్లండులో బ్రూక్స్ అనే ఆయన 1882లోనే తోలు సీటుకి పేటెంటు తీసుకున్నాడు. కానీ అది ఒంటికి అలవాటుపడేదాకా ఓపిక పట్టాలి, వానలో తడవనివ్వకూడదు. నీకున్న ఓపికకి వద్దు బాబూ.

అసలు కొత్తది కొనకముందు ఉన్నదాన్నే సర్దిచూడు. దాని ముక్కు పైకి లేచి ఉందేమో, నీ నొప్పిలో సగం అక్కడే ఉండొచ్చు. సమంగా పెట్టు. మరీ కిందికి వంచితే జారిపోతూ చేతుల మీద పడతావు. ఎత్తు చూడాలంటే మడమ పెడల్ మీద పెట్టు, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు నిటారుగా రావాలి. మరీ ఎత్తైతే నడుం అటూ ఇటూ ఊగి ఒరుసుకుంటుంది. ఒక్కో మార్పే చెయ్యి, ముందు పెన్నుతో గుర్తు పెట్టుకో.

ఇంకోటి, సిగ్గుపడకు: మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు కొనుక్కో, లోపల డ్రాయరు వేసుకోకు. డ్రాయరు కుట్లు ఒరుసుకుని కోసేస్తాయి. రోజూ ఉతుక్కో.

మా అటక మీద పాత సీటొకటుంది, 14 సెంటీమీటర్లది. నీ అట్టముక్క కొలత రాస్తే, సరిపోయేలా ఉంటే వచ్చే ఆదివారం తెచ్చి నేనే బిగిస్తాను. నెల తొక్కి చూసి అప్పుడు డబ్బు పెట్టు. అమ్మని గోంగూర పచ్చడి చేసి ఉంచమను. కుర్చీ మీద కూర్చునే తింటాం, ఇద్దరం.

నీ
ప్రసాద్