పాత చిప్‌ని కొత్తదని అమ్మకండి

సంపాదకులకు నమస్కారం. ఇంట్లోనే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ సంగీత వాయిద్యం) తయారుచేసుకునే మాలాంటి వాళ్లకి పార్టులు దొరకడమే పెద్ద టెన్షన్. అందులో వాడే సీఏ3080 అనే ఆంప్లిఫయర్ చిప్ తయారీ ఆగిపోయి ఏళ్లయింది, కోఠిలో ఒక షాపులో కొత్తదేనని ఇస్తే తీసుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే పైన అసలు పేరు గీకేసి మళ్లీ ముద్రించింది, పనే చేయలేదు. దాని బదులు ఎల్ఎం13700 అనే చిప్ వాడొచ్చు, కానీ అందులో రెండు ఆంప్లిఫయర్లు, 16 కాళ్లు (పిన్నులు) ఉంటాయి కాబట్టి సీఏ3080కి పెట్టిన 8 కాళ్ల సాకెట్‌లో పట్టదు, వైరింగ్ మార్చుకోవాలి. 2ఎన్3904 ట్రాన్సిస్టర్ దొరక్కపోతే బీసీ547 చాలాచోట్ల సరిపోతుంది, కాళ్ల వరుస మాత్రం తిరగబడి ఉంటుంది, చూసి పెట్టాలి. దుకాణదారులకు నా విన్నపం ఒక్కటే: పాత సర్క్యూట్ బోర్డు నుంచి పీకిన చిప్ అయితే ఆ మాట చెప్పే అమ్మండి, అయినా కొంటాం.

- ఒక పాఠకుడు, హైదరాబాద్