ల్యాప్‌టాప్‌తో పాటే వైరస్ కూడా అమ్ముతున్నారు

ఎడిటర్ గారికి,

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తుంటాను. ల్యాప్‌టాప్‌లో వైరస్ చేరిందంటే అందరూ ముందు పిల్లలనే తిడతారు, కనిపించిందల్లా నొక్కుతారని, సినిమాలు డౌన్‌లోడ్ చేస్తారని. కొంత నిజమే. కానీ నా దగ్గరికి వచ్చే వాటిలో చాలావాటికి ఆ జబ్బు కొన్నరోజే, దుకాణంలోనే అంటుకుంటోంది. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి రాస్తున్నాను.

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలు చాలామంది సెకండ్ హ్యాండ్‌వే కొంటారు. ఎనుమాముల మార్కెట్లో పత్తో మిర్చో అమ్మిన డబ్బులతో తండ్రి కొనిస్తాడు. షాపులో విండోస్, ఆఫీస్ అన్నీ వేసి "అంతా సెట్ చేసినం, తీస్కపో" అంటారు. లైసెన్స్ ఉందా అని అడగాలని ఆ తండ్రికి ఎలా తెలుస్తుంది? వేసింది క్రాక్, అంటే లైసెన్స్ లేకుండా నడిచేలా చేసిన దొంగ కాపీ. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఆ క్రాక్‌ను పట్టేస్తుంది కాబట్టి ముందు దాన్నే ఆపేస్తారు, పనయ్యాక మళ్లీ ఆన్ చేయరు. ఇంకొందరైతే మరీ అన్యాయం. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఎక్స్‌క్లూజన్స్ చూస్తే అక్కడ ఏకంగా సీ డ్రైవ్ మొత్తం పెట్టి ఉంటుంది, అంటే ఇక్కడ వెతకొద్దని డిఫెండర్‌కు చెప్పినట్టు! ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఏమీ లేదనే వస్తుంది, పిల్లవాడేమో అంతా బాగుందనుకుంటాడు.

క్రాక్‌తో పాటు లోపలికి వచ్చేవి చిన్నవి కావు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ ఎత్తుకుపోయేవి ఉన్నాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ కూడా ఇలాంటి క్రాక్‌లలో దాక్కునే వస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ సబ్మిట్ చేసే వారంలో అట్లా జరిగితే ఆ పిల్ల టెన్షన్ ఎవరు తీరుస్తారు? పైగా క్రాక్ పోతుందన్న భయంతో అప్‌డేట్లు కూడా ఆపేస్తారు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించినప్పుడు దానికి విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి.

ఇక జిరాక్స్ సెంటర్లు. ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ పెట్టి తీశాక ఫోల్డర్ల బొమ్మల మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే, సైజు ఒకటి రెండు కేబీ అని చూపిస్తే, దాని మీద నొక్కవద్దు. అసలు ఫోల్డర్లు పోలేదు, దాచి ఉంటాయంతే. ముందు స్కాన్ చేసి, తర్వాత వ్యూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి, అప్పటికీ కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీసి చూడండి. ప్రింట్‌కు పీడీఎఫ్ ఒక్కటే ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడం ఇంకా మేలు.

ఇప్పటికే క్రాక్ ఉన్నవాళ్లు మీ డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం బయటి డ్రైవ్‌లో దాచుకుని, విండోస్ కొత్తగా వేయించుకోండి. పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చండి, ఆ ల్యాప్‌టాప్ నుంచి కాదు. ఖాతాలో డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లైసెన్స్ కొనే స్తోమత లేకపోతే విండోస్ బదులు ఉబుంటు ఉంది, ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ఉంది, పైసా ఖర్చు లేదు, ప్రాజెక్ట్ రిపోర్ట్ దాంట్లో హాయిగా రాసుకోవచ్చు. విండోస్ 10కి మామూలు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది కాబట్టి విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లకు నేను చెప్పేది ఇదే.

షాపువాళ్లను అడిగేది ఒక్కటే: విండోస్ ఒరిజినలా కాదా అన్నది బిల్లు మీద రాసివ్వండి. కాలేజీలు కూడా ఏడాది మొదట్లో ఒక ల్యాబ్ పీరియడ్ దీనికే కేటాయించి, పిల్లల చేత వాళ్ల ల్యాప్‌టాప్‌లు తెరిపించి ఆ ఎక్స్‌క్లూజన్స్ పేజీ చూపించాలి.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు, హనుమకొండ