నాన్న షూ కడిగిన పెద్దాయనకు

నిన్న రాత్రి ఒంటిగంటకు ఫ్రాన్స్ నుంచి ఇల్లు చేరాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే పడున్నాయి. నాన్న పక్క గదిలో గురక పెడుతున్నారు, నాకేమో నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు రాయకపోతే రేపు ఆఫీసు, ఎల్లుండి ఉతుకులు, ఇక రాసినట్టే.

నాన్నకు డెబ్బై ఆరేళ్లు. పుట్టి పెరిగింది బొల్లారంలో. నిజాం కాలంలో హైదరాబాద్ కాంటింజెంట్ అనే సైన్యానికి ప్రధాన స్థావరం అక్కడే. అందులోని ఒక గుర్రపు దళమే తర్వాత 20వ దక్కన్ హార్స్ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 14 సాయంత్రం, ఆ దళం వాళ్లు బ్రిటిష్ వాళ్ల తరఫున ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధభూమిలో, ఎదిగిన పంట చేలకు అడ్డంపడి, బల్లేలు పట్టుకుని జర్మన్ల మెషిన్‌గన్ల మీదికి గుర్రాలు ఉరికించారు. ఆ చోటు పేరు హై వుడ్. ముప్ఫై రెండేళ్లు సోషల్ మాస్టారుగా చేసిన మా నాన్న ఈ కథ ప్రతి బ్యాచ్‌కూ చెప్పారు. చెప్పినప్పుడల్లా నాలుగు గుర్రాలు ఎక్కువయ్యేవని మా అక్క అంటుంది. ఆ చేను ఒక్కసారి కళ్లారా చూడాలని ఆయన కోరిక. మేం ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాబట్టి, ఇంకెప్పుడు అనుకుని బయల్దేరాం.

ఉత్తర ఫ్రాన్స్‌లోని లిల్‌లో కారు అద్దెకు తీసుకున్నాం. మొదటిరోజు నవ్ షపెల్ అనే ఊళ్లో భారత సైనికుల స్మారకం. 1915 మార్చిలో అక్కడ జరిగిన దాడికి దిగినవాళ్లలో దాదాపు సగం మంది మనవాళ్లే. సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా సైనికులు, కూలీల పేర్లు అక్కడి గుండ్రటి గోడల మీద చెక్కి ఉన్నాయి. ఎత్తయిన స్తంభం, పైన తామరపువ్వు, కింద రెండు పులులు. ‘దేవుడొక్కడే, విజయం ఆయనదే’ అని నాలుగు లిపుల్లో రాశారు. నాన్న నాలుగూ చూసి, "మనది లేదు" అని మెల్లగా అన్నారు. గేటు దగ్గరే షూ విప్పేశారు. అక్టోబరు చివర, గడ్డంతా నీళ్లు. వద్దు నాన్నా, జలుబు చేస్తుంది అంటే, "పోయినవాళ్ల దగ్గరికి చెప్పులేసుకుని పోతామామ్మా?" అన్నారు. ఇక ప్రతి స్మశానం దగ్గరా ఇదే వరస. అయెట్‌లో మన కూలీలు, చైనా కూలీలు పక్కపక్కనే ఉన్న చిన్న స్మశానంలో కూడా అంతే. నాన్న అక్కడి రాళ్లన్నింటినీ తాకి వచ్చారు.

మూడోరోజు హై వుడ్. ఆ అడవి ప్రైవేటు ఆస్తి, లోపలికి పోనివ్వరు. ఎదురుగా ఉన్న లండన్ సిమెట్రీలోంచి చూడాల్సిందే. ఆ అడవిని పూర్తిగా పట్టుకోవడానికి బ్రిటిష్ సైన్యానికి 1916 సెప్టెంబరు 15 దాకా పట్టింది. లోపల ఇంకా ఎంతమంది మట్టిలో ఉన్నారో. నాన్న వానలో తడి సాక్సులతో నిలబడి చేలవైపు చూస్తూనే ఉన్నారు. పాఠం చెప్పలేదు. నేను రెడీగా ఉన్నాను వినడానికి, కానీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు జీపీఎస్ మమ్మల్ని ఒక చేలదారిలోకి తిప్పింది. బీట్‌రూట్ జాతి చక్కెర దుంప తవ్వే కాలం అది, దారంతా ట్రాక్టర్లు తొక్కిన బురద. ముందు చక్రాలు కూరుకుపోయాయి. మేం వద్దంటున్నా నాన్న నెట్టడానికి దిగి మడమల దాకా బురదలో దిగబడ్డారు.

కారు కంపెనీ వాళ్ల సహాయం నంబరుకి ఫోన్ చేశాను. యాభై రెండు నిమిషాలు సంగీతం వినిపించారు. ఆ తర్వాత దొరికిన అమ్మాయి వీధి పేరు, ఇంటి నంబరు చెప్పమంది. చుట్టూ దుంపలమ్మా, ఇంటి నంబరు ఎక్కడ తేను? లొకేషన్ పంపుతానంటే వాళ్ల సిస్టమ్ తీసుకోదట. చివరికి, అది తారు రోడ్డు కాదు కాబట్టి మీ కవర్ వర్తించదని పెట్టేసింది. కారు తీసుకునేటప్పుడు ‘పూర్తి భద్రత’ అని రోజుకింత అదనంగా కట్టించుకున్నారు. నిన్న కారు అప్పగిస్తుంటే బురద కడిగినందుకు మళ్లీ డబ్బులు పట్టుకున్నారు. పేరు రాయను. రాస్తే ఈ పోస్టు వాళ్ల గురించి అయిపోతుంది.

చీకటి పడుతుండగా వచ్చాడాయన, ట్రాక్టర్ మీద. డెబ్బై దాటి ఉంటాయి. నీలం ఓవరాల్, నోట్లో ఆరిపోయిన సిగరెట్టు. ఏమీ అడగలేదు. గొలుసు తగిలించి రెండు నిమిషాల్లో కారు బయటికి లాగాడు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డంపెట్టి, వెనకాల రమ్మని సైగ చేశాడు. ఆయన గడప పక్కన రోడ్డు వారగా తుప్పుపట్టిన ఫిరంగి గుండ్లు వరసగా పేర్చి ఉన్నాయి, మన పల్లెల్లో గుమ్మడికాయలు పెట్టినట్టు. ఇప్పటికీ దున్నినప్పుడల్లా తేలుతాయట, బాంబులు తీసే ప్రభుత్వం వాళ్లు వచ్చి పట్టుకెళ్తారట. మా అబ్బాయి చెయ్యి చాపబోతే ఆయన వేసిన కేకకి నా గుండె ఆగింది.

వంటింట్లో కూర్చోబెట్టి నాన్న కాళ్లవైపు చూశాడు. ఫోన్‌లో ఏదో అన్నాడు. ఫోన్ తెలుగులో "మీ తండ్రి మునిగిపోయారా?" అంది. అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది. బురద సరే, సాక్సులు ఇంతలా ఎందుకు తడిశాయన్నది ఆయన అనుమానం. సమాధుల దగ్గర షూ విప్పి నడిచారని చెప్పాను. ఫోన్ ఎలా అనువదించిందో తెలీదు. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. కాసేపు నాన్న ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి, లేసులు విప్పి, ఆ బురద షూ రెండూ తీసుకుని పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్లాడు.

నాన్న "నో, నో సర్" అంటూ సాక్సులతోనే వెనకాల పరిగెత్తారు. ఆయన వినలేదు. బ్రష్‌తో అడుగులు గీకి, గుడ్డతో తుడిచి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. ఒక ముసలాయన షూ ఇంకో ముసలాయన కడుగుతుంటే నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. నలభై మూడేళ్లు వచ్చాయి, నాన్న చెప్పులు నేనెన్నడూ కడగలేదు. కడగాలని తోచనైనా లేదు.

మేం మాంసం ముట్టం అని చెబితే ఉడికించిన బంగాళాదుంపలు, వెన్న, ఉప్పు పెట్టాడు. ఆవకాయ రుచి చూపించారా అని అడక్కండి, సీసా హోటల్లోనే ఉండిపోయింది. వెళ్లేముందు కొట్టంలోంచి తుప్పుపట్టిన గుర్రపు నాడా ఒకటి తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. చేలోనే దొరికిందట. ఏ సైన్యానిదో, ఎవరి గుర్రందో ఎవరు చెప్పగలరు? అసలు నాగలికి కట్టిన గుర్రందేనేమో. నాన్న చాలాసేపు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టారు. కారెక్కాక "గుర్రాలు వందకి మించి లేవేమోనమ్మా" అన్నారు.

అయ్యా, మీకు తెలుగు రాదు, ఇది మీకు చేరదు. మీ పేరు కూడా రాయడం లేదు, రాయొచ్చా అని అడగడం మర్చిపోయాను. మీకు మా కుటుంబం మొత్తం రుణపడి ఉంది. నాన్న ఆ షూలోంచి పేపరు ఇంకా తియ్యనివ్వలేదు.

మావారు నాలుగు రోజులూ డ్రైవ్ చేశారు, అక్క టికెట్లు కొంది. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

ఆ కారు గొడవలో ఒక రోజు పోయి విలేర్ గిలాన్ వెళ్లలేకపోయాం. మన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు 2018 నవంబరులో ప్రారంభించిన భారత స్మారకం అక్కడే ఉంది. నాన్న లిస్టులో అది రెండోది. దానికీ ఆ కారు కంపెనీయే కారణం.

అయ్యో, ఆల్బెర్‌లో మా హోటల్ రిసెప్షన్ అమ్మాయిని మర్చేపోయాను. ఆదివారం పూట తెరిచి ఉన్న మందుల షాపు వెతికి నాన్నకు బీపీ మాత్రలు తెప్పించింది. లిల్‌లో చదువుకుంటున్న గుంటూరు అబ్బాయి కూడా ఉన్నాడు. ఎవరో వాట్సాప్‌లో నంబరిస్తే, మేమెవరో తెలీకపోయినా, పరీక్ష పెట్టుకుని కూడా గంటసేపు ఫోన్‌లో ఫ్రెంచ్ మాట్లాడి పెట్టాడు. బాబూ, నీ గురించి పైనే రాయాల్సింది, ఏమనుకోకు. ఇంకా లండన్ సిమెట్రీలో గడ్డి కోస్తున్న తోటమాలి. వానలో నాన్నని చూసి, అడక్కుండానే తన గొడుగు ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ గొడుగు మాతోనే ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేసింది. సోమవారం పోస్టాఫీసుకి వెళ్లాలి.