అడిగింది ఒక్కటే ప్రశ్న: అందులో యాసిడ్ ఉందా, లేదా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

జూన్ చివర్లో మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, బయటి నేల కడిగే మీ లిక్విడ్ గురించి నేను ఒక్కటే ప్రశ్న అడిగాను. ఐదు వారాలు దాటింది. ఈ రోజు వరకు మీ సంస్థలో ఒక్కరు కూడా దానికి జవాబు చెప్పలేదు.

మా ఇల్లు హన్మకొండలో. తులసికోట దగ్గర నుంచి గేటు దాకా వాకిలంతా తాండూరు బండలే. మా మామయ్య ఎండలో నిలబడి, దగ్గరుండి వేయించినవి. ఈసారి వానలు మొదలవగానే పాకుడు పట్టింది. ఒకరోజు పొద్దున్నే కల్లాపి చల్లడానికి వెళ్లిన మా అత్తమ్మ కాలు జారి, గోడ పట్టుకుని ఆగారు. ఆవిడకు డెబ్బై రెండేళ్లు. ఇక ఊరుకోకూడదనుకున్నాను.

బాత్రూమ్‌కూ వంటింటికీ పద్నాలుగేళ్లుగా మేం మీ లిక్విడే కొంటున్నాం. బయటి నేలకు కూడా మీ బాటిల్ ఉందని తెలిసి, కొనకముందే ఫోన్ చేశాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. తాండూరు బండ సున్నపురాయి, యాసిడ్ దాన్ని తినేస్తుంది. గ్రానైట్ వేసుకున్నవాళ్లకు ఇంత భయం ఉండదు, మాకు ఉంటుంది. అందుకే "ఇందులో యాసిడ్ ఉందా బాబూ?" అని అడిగాను. "అన్ని రకాల స్టోన్స్‌కీ వాడొచ్చు మేడం, టెన్షన్ పడకండి" అన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. లేబుల్ మీద కూడా ఏ రాయికి వాడకూడదో ఎక్కడా లేదు. మీ మాట నమ్మి కొన్నాను.

గేటు పక్కన కొంచెం పోశానో లేదో, సోడా పొంగినట్టు బుసబుసా నురుగు లేచింది. పరుగెత్తి బకెట్ నీళ్లు కుమ్మరించాను. ఆరాక చూస్తే అరచేయంత మచ్చలు, తెల్లగా పాలిపోయి. వేలితో రాస్తే సుద్దముక్కలా గరగరలాడుతోంది. ఇప్పుడక్కడ ముగ్గు వేస్తే ముగ్గేదో మచ్చేదో తెలియడం లేదు.

అయినా ఆ మచ్చలకు నేను ఇంత బాధపడలేదు. ఆ తర్వాత జరిగినదానికి బాధపడ్డాను.

అదే రోజు ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించారు. తర్వాత ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి బ్యాచ్ నంబర్ అడిగింది. కళ్లజోడు వెతుక్కుని, బాటిల్ వెలుతురుకు తిప్పి, ఒక్కొక్క అంకె చదివాను. ఆఖరి అంకె చెబుతుండగా ఫోన్ కట్ అయింది. నా నంబర్ మీ దగ్గర ఉంది కదా, తిరిగి చేయలేదు. నేనే చేశాను. ఈసారి ఇంకొకరు. కథంతా మొదటి నుంచి చెప్పాను. బిల్లు పంపమన్నారు, పంపాను. ఫోటోలు పంపమన్నారు, నాలుగు పంపాను. నలభై ఎనిమిది గంటల్లో ఫోన్ చేస్తామన్నారు. మూడో రోజు మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

మళ్లీ చేస్తే డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడమన్నారు. ఆయన "అమ్మడం వరకే మా పని, కంపెనీని అడగండమ్మా" అన్నారు. కంపెనీని అడిగితే "ముందు ఒక మూల టెస్ట్ చేసుకోవాల్సింది మేడం" అన్నారు. అది తెలుసుకోవడానికే కదా కొనకముందు మీకు ఫోన్ చేశాను! అప్పుడు ఆ మాట ఒక్కరు చెప్పారా?

అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి ఉంది. మీ మనిషే ఒకరు, మచ్చల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి మళ్లీ మీ లిక్విడ్ పోసి రుద్దమని సలహా ఇచ్చాడు. బ్లీచింగ్ పౌడర్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నాకు తెలుసు కాబట్టి చేయలేదు. తెలియని ఇల్లాలు ఎవరైనా చేస్తే? ఆ కాల్ రికార్డు మీ దగ్గరే ఉంటుంది, తీసి వినండి.

మా స్టాఫ్‌రూమ్‌లో నా మాట విని మీ లిక్విడ్ కొంటున్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల ముందు నాకు తల కొట్టేసినట్టుంది. ఇన్నేళ్ల నమ్మకానికి మీరిచ్చిన విలువ ఇదా?

బండలు మళ్లీ పాలిష్ పట్టించే ఖర్చు సంగతి మీరే ఆలోచించండి. నాకు ముందు కావలసింది, అందులో యాసిడ్ ఉందో లేదో సంతకంతో రాతపూర్వకంగా జవాబు. ఉంటే, సున్నపురాయికి వాడకూడదని లేబుల్ మీద తెలుగులో కూడా వేయండి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. బిల్లు, ఫోటోలు, మీ మెసేజ్‌లు అన్నీ దాచి ఉంచాను.

మిగతా వాకిలి సబ్బునీళ్లతో, కొబ్బరిపీచుతో నేనే రుద్దుకుంటున్నాను. సగం కూడా కాలేదు. అత్తమ్మ ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నారు.

మీ వాళ్లు ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం ఐదు తర్వాత చేయమనండి. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదివి చేయమనండి. మొదటి నుంచి మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
పద్నాలుగేళ్లుగా మీ కస్టమర్,
హన్మకొండ