ఆ 40 సెకన్లు ప్రేక్షకుడికే వదలండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్‌ను టీవీలో చూడాలంటే చాలా ఓపిక కావాలని, మూడు గంటల ప్రసారంలో అసలు ఆట పావుగంట కూడా ఉండదని ఇటీవల మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. ఆయన లెక్క తప్పు కాదు. 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక కొలిచి చూస్తే, ఒక మ్యాచ్‌లో బంతి ఆటలో ఉండేది దాదాపు 11 నిమిషాలేనని తేలింది. కానీ ఆ ఒక్క లెక్కతో ఆటనే కొట్టిపారేయడం నాకు బాధనిపించింది.

పన్నెండేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాను. మొదటి రెండేళ్లు నాకూ ఇది ఆగి ఆగి ఆడే ఆటలాగే కనిపించింది. ఐదారు సెకన్లు తోపులాట, తర్వాత అందరూ లేచి నిలబడడం. ఆ నిలబడడంలోనే ఆట ఉందని తర్వాత అర్థమైంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. ఒక ప్రయత్నం ముగిశాక తర్వాతది మొదలుపెట్టడానికి 40 సెకన్లు ఇస్తారు. ఈలోగా ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు ఏ పక్కకు జరిగారు, మూడోసారికి ఇంకా రెండు గజాలు మిగిలితే బంతితో పరిగెత్తుతారా, బంతిని ముందుకు విసురుతారా? బౌలర్ రనప్‌కు నడిచి వెళ్తుండగా కెప్టెన్ స్లిప్‌లో మనిషిని తీసి బౌండరీ దగ్గర పెడితే మనం ఎంత ఊహిస్తాం! అదే టెన్షన్ ఇక్కడ ప్రతి ప్రయత్నానికీ ఉంటుంది.

మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు థాంక్స్‌గివింగ్ పండుగ రోజు మా డాలస్ జట్టు కౌబాయ్స్ మ్యాచ్ చూపించాను. 1966 నుంచి వాళ్లు దాదాపు ఏటా ఆ రోజు ఆడుతున్నారు. ఆయనకు ఆటను అర్థం చేయించింది నేను కాదు, ఆ పది గజాలు ఎక్కడ పూర్తవుతాయో చూపించే తెర మీది పసుపు గీత. 1998లో వచ్చిన ఆ గీత మైదానంలో ఉండదు, టీవీలోనే కనిపిస్తుంది. "దాన్ని దాటితే చాలు కదా" అని ఆయన ముందుకు జరిగి కూర్చున్నారు. ఇంట్లో కూర్చున్నవాడికి ఆట ఇంత తేలిగ్గా అందేలా చేసిన టీవీ మీద నాకు గౌరవం ఉంది.

నా అభ్యంతరం వేరు. టచ్‌డౌన్ అవుతుంది, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించి పాయింట్లు కొడతారు, ప్రకటనలు. ఆట తిరిగి మొదలుపెట్టడానికి కిక్ కొడతారు, మళ్లీ ప్రకటనలు. ఊహించుకోవడానికి ఉన్న వ్యవధిని అమ్మేస్తున్నారు. క్రికెట్‌లో ఓవర్ చివరి బంతి పడీపడగానే ప్రకటన వేస్తే మనకు ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఇది ఇబ్బందేనని ఈ పోటీలు నడిపే లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కూ తెలుసు. 2017లో క్వార్టర్‌కు, అంటే ఆటలో నాలుగో వంతుకు, ఐదు ప్రకటన విరామాలను నాలుగుకు తగ్గించింది. కానీ ఒక్కో విరామం నిడివి పెంచింది!

ఇంకో సంగతి అంతకంటే పెద్దది. గురువారం రాత్రి మ్యాచ్‌లు 2022 నుంచి అమెజాన్‌లో వస్తున్నాయి. 2024 జనవరిలో కాన్సాస్ సిటీ, మయామీ జట్ల ప్లేఆఫ్ మ్యాచ్‌ను పీకాక్ అనే చందా స్ట్రీమింగ్ సర్వీసుకు, అదే ఏడాది క్రిస్మస్ మ్యాచ్‌లను నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చారు. ఆడే జట్ల సొంత ఊళ్లలో మాత్రం మామూలు ఛానల్‌లో చూడొచ్చు. మిగతా దేశమంతా చందా కట్టాల్సిందే. ఒక్కో చందా చిన్నదే కావచ్చు, కానీ జీతం చాలని ఇంట్లో మూడు చందాలు చిన్నవి కావు.

జట్లన్నీ కలిసి ప్రసార హక్కులను ఒకే మూటగా అమ్ముకోవడానికి 1961లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. అప్పటి అధ్యక్షుడు కెనడీ సంతకం చేశారు. మిగతా వ్యాపారాలకు ఉండే పోటీ చట్టాల నుంచి అది ఇచ్చిన మినహాయింపు వల్లే లీగ్ ఇంత ఎదిగింది. అప్పట్లో టీవీ అంటే యాంటెన్నా పెట్టుకుని ఉచితంగా చూసేదే. ఆ మినహాయింపును అనుభవిస్తూ ప్లేఆఫ్ మ్యాచ్‌ను చందాదారులకే పరిమితం చేయడం న్యాయం కాదు.

ప్లేఆఫ్‌లు, పండుగ రోజు మ్యాచ్‌లు దేశమంతటా ఉచిత ఛానళ్లలో రావాలి. టచ్‌డౌన్ తర్వాత రెండుసార్లు ప్రకటనలు వేసే పద్ధతి పోవాలి. ఇక్కడ ఓటు హక్కున్న తెలుగువాళ్లు తమ కాంగ్రెస్ సభ్యులకు ఈ రెండు మాటలూ రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సస్