జీతాలివ్వని జట్టులో ఆటగాళ్లు ఎందుకుంటారు?

గౌరవనీయులైన సంపాదకుల గారికి,

నమస్కారం. మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఎందుకు ఇట్లా చెదిరిపోయిందని పోయిన వారం మీ క్రీడా పేజీలో అభిమానుల అభిప్రాయాలు వేశారు. కోపంలో రాస్తే మాట మీరుతుందని కొన్నాళ్లు ఆగాను. కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఒకాయన తప్పంతా కోచ్‌దే అన్నారు. ఇంకొకాయన ఆటగాళ్లు డబ్బు మనుషులు, కష్టకాలంలో జట్టును వదిలేసి పోయారన్నారు. మరొకరైతే మనవాళ్లకు ఫుట్‌బాల్ పట్టదు, స్టేడియం నిండదు, అందుకే క్లబ్ ఢిల్లీకి పోయిందని తేల్చేశారు. సర్కారు బడుల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన నాకు ఈ మూడింట్లో ఒక్కటీ మింగుడు పడలేదు.

2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది ఈ క్లబ్బే. ఆ రోజు మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తర్వాతి సీజన్‌లోనూ లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. అదే క్లబ్ 2023-24లో 22 మ్యాచులు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున పడింది. ఏడాదిలో అందరూ ఆట మరిచిపోయారా? కాదు, జీతాలు ఆగిపోయాయి. బకాయిలు తీర్చలేదని ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోనివ్వకుండా నిషేధం పెట్టింది. ఐర్లండ్ నుంచి వచ్చిన కోచ్ కోనర్ నెస్టర్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకుంటే చివరికి కెప్టెన్ జోవావో విక్టర్ ఒక్కడు మిగిలాడు. జనవరిలో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా సింగ్ బెంగళూరుకు, యాసిర్ గోవాకు పోయారు. ఇదంతా అన్ని పత్రికల్లోనూ వచ్చిందే. అయినా కోచ్‌దే తప్పంటున్నారు! ఉన్నవాళ్లు పోతుంటే, కొత్తవాళ్లను తీసుకునే వీలు లేకపోతే మిగిలిన కోచ్ తంగ్‌బోయి సింగ్టో ఏం చేయాలి? మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్లను పెట్టుకుని సీజన్ మొత్తం నెట్టుకొచ్చాడు. ఆయనకు దండం పెట్టాలి.

డబ్బు మనుషులన్న మాట దగ్గర నాకు నిజంగా బాధేసింది. చింగ్లెన్‌సానాది మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్. 2023 మే నెల అల్లర్లలో ఆయన ఇల్లు తగలబడింది. అప్పుడు ఆయన మన జట్టు తరఫున కోజికోడ్‌లో మ్యాచ్ ఆడుతున్నాడు. అంత జరిగాక కూడా తిరిగొచ్చి మన పసుపు జెర్సీయే వేసుకున్నాడు. ఆ మనిషికి నెలనెలా రావాల్సిన జీతం రాకపోతే ఇల్లెట్లా గడవాలి? ఫుట్‌బాల్ ఆడేవాడి సంపాదన మహా అయితే పది పన్నెండేళ్లు, మోకాలు దెబ్బతింటే అదీ లేదు. మా నల్లగొండలో కూలి ఎగ్గొట్టిన ఆసామి పొలంలో మర్నాడు నాట్లు వేయడానికి ఎవరూ దిగరు. వాళ్లను డబ్బు మనుషులని ఎవరూ అనరు కూడా.

తప్పు ఎవరిదని నన్నడిగితే మొదటిది అప్పటి యజమానులది. చేతిలో డబ్బు లేనప్పుడు ఒప్పందాల మీద సంతకాలు ఎందుకు చేశారు? రెండోది ఫుట్‌బాల్ సమాఖ్యది, లీగ్ నడిపినవాళ్లది. క్లబ్‌కు లైసెన్స్ ఇచ్చేముందు ఆటగాళ్ల బకాయిలు చూడాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. జీతాల్లేక ఆటగాళ్లు వెళ్లిపోతున్న సంగతి దేశమంతా తెలుస్తుంటే మ్యాచులు జరిగితే చాలన్నట్టు కూర్చున్నారు. 2024లో యాజమాన్యం మారింది గానీ అప్పటికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. ఆఖర్న హడావిడిగా కూర్చిన జట్టు 13 జట్లలో 12వ స్థానం తెచ్చుకుంది. 2025 అక్టోబరులో పేరు మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్నారు, అయిపోయింది. 2019లో పుణె క్లబ్ మూతపడితే లీగ్‌లో దాని చోటే మనకొచ్చింది. అక్కడి అభిమానుల ఉసురు ఊరికే పోలేదనిపిస్తుంది.

ఇక స్టేడియం నిండలేదన్నవారు ఒక సంగతి మరిచిపోయారు. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే జరిగాయి. మనం ఛాంపియన్లమైన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. జట్టును కళ్లారా చూడనివాళ్లకు అభిమానం ఎట్లా ముదురుతుంది? అయినా మా పిల్లలు మ్యాచులు చూడటానికి గచ్చిబౌలి స్టేడియానికి పోయారు. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ అయిపోయేసరికి తొమ్మిదిన్నర. అక్కణ్నుంచి ఊరు ఆ చివరన ఉన్న ఎల్బీనగర్ చేరి, రోడ్డు పక్కన జెర్సీల మీదే నిలబడి, ఏ విజయవాడ బస్సో ఆపితే నార్కట్‌పల్లిలో దిగి ఇళ్లకు చేరేవారు. ఈ పిల్లలకు అభిమానం లేదని ఏ నోటితో అంటారు?

ఈ ఊరికి ఫుట్‌బాల్ కొత్తదా? రహీం సాబ్ బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే దేశం 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. దేశానికి ఆడిన పీటర్ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఇక్కడి మైదానాల్లో రాటుదేలినవాళ్లే.

ఇప్పుడా మైదానాలేవీ? మా మండలంలో ఊరూరా క్రీడా ప్రాంగణం అని ఇనుప బోర్డులు పాతారు. మా ఊరి బోర్డు వెనక తుమ్మచెట్లు మనిషెత్తు పెరిగాయి. వాలీబాల్ స్తంభాలు రెండుంటే ఒకటి ఒరిగిపోయింది, రెండోదానికి బర్రెను కడుతున్నారు. యాసంగి వడ్లు వచ్చినప్పుడు కాస్త చదునుగా ఉన్న చోటంతా వడ్ల కుప్పలే. రైతును ఏమీ అనను, ఆయనకూ వేరే కల్లం లేదు. గోల్‌పోస్టు అడిగితే ఫండ్స్ లేవంటారు. ఫండ్స్ ఎప్పుడొస్తాయని అడిగితే పై ఆఫీసు పేరు చెబుతారు. చాలా బడుల్లో పీఈటీ పోస్టే ఖాళీ.

2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్‌కు వచ్చినప్పుడు యంత్రాంగమంతా కదిలింది. మన పాలమూరు బిడ్డ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు స్వయంగా బంతి ఆడారు. ఆయనకు ఆట మీద ప్రేమ ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అందుకే అడుగుతున్నాను. అంతకు రెండు నెలల ముందు మన రాజధాని పేరు పెట్టుకున్న క్లబ్ వెళ్లిపోతుంటే ఆపడానికి ఎవరైనా గట్టిగా ప్రయత్నించారా? రేపు ఇంకో కంపెనీ వచ్చి హైదరాబాద్ పేరు పెట్టుకుంటానంటే, జీతాలకు సరిపడా డబ్బు ముందే బ్యాంకులో చూపించాలని, మన జిల్లాల పిల్లలకు శిక్షణ కేంద్రం పెట్టాలని షరతు రాసుకున్నాకే గచ్చిబౌలి స్టేడియం తాళాలు ఇవ్వాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. అభిమానులను ఒకరి మీదికొకరిని ఉసిగొల్పే శీర్షికలు చాలు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీకి మన రాష్ట్ర జట్టును ఎంపిక చేసేటప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి ఎంతమందిని ట్రయల్స్‌కు పిలుస్తున్నారో రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాన్ని అడిగి, వాళ్లిచ్చిన జవాబును అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
నల్లగొండ జిల్లా